రాజమల్లు ఎడమ భుజం

ఫైన్ ఆర్ట్స్ చదివే పిల్లలు అప్పుడప్పుడు వరంగల్ మట్టెవాడలో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. "సార్, ఈ లైన్‌లో ఫ్యూచర్ ఉందా?" అని అడుగుతారు. ఉందనే చెబుతాను. చౌరస్తాలు ఉన్నన్నాళ్లూ, పెద్దమనుషులు పోతున్నన్నాళ్లూ విగ్రహాలు చేసేవాడికి పని కరువు రాదు. కానీ ఆ పని ఏమిటో వాళ్లకు ఎవరూ చెప్పరు. మట్టి కలపడం చెబుతారు, కొలతలు చెబుతారు, ఈమధ్య ఫొటో పెడితే తల చెక్కి ఇచ్చే మిషన్ల గురించి కూడా చెబుతున్నారు. బొమ్మ చేయడం ఈ పనిలో సగమే. చేసిన బొమ్మను దానికి దండలు వేసేవాళ్ల నుంచి కాపాడుకోవడం మిగతా సగం.

మోకాళ్లు అరిగి పరంజా ఎక్కలేక పని మానేశాను. కోపం మాత్రం అరగలేదు. అది చల్లారాక రాద్దామని ఇన్నాళ్లు ఆగాను గానీ చల్లారే లక్షణాలు కనిపించడం లేదు, అందుకే వేడివేడిగానే రాస్తున్నాను. నాకు జరిగిన సన్మానాల సంగతి ఇందులో ఉండదు. శాలువాలు బీరువా నిండా ఉన్నాయి, చలికి ఒక్కటీ పనికిరాదు.

మొదట ఒక ఫ్రెంచాయన గురించి

మాది కిరాణ దుకాణం. గల్లా మీద కూర్చోవలసిన కొడుకు బొమ్మలు చేస్తానంటే మా నాయిన నెత్తి పట్టుకున్నాడు. "మనం ఉప్పు, పప్పు అమ్మెటోళ్లంరా. మన్ను పిసుకుడు ఏం బతుకు? దానికి తూకం ఉన్నదా, ధర ఉన్నదా?" అన్నాడు. అయినా హైదరాబాద్ పంపాడు. పంపినందుకు ఆయన్ను మెచ్చుకోవాలి, పోయేదాకా సణిగినందుకు తిట్టుకోవాలి.

అక్కడ మాకు శిల్పం చెప్పిన సారు గోడకు ఒక నలుపు తెలుపు ఫొటో అతికించి పెట్టుకునేవాడు. పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి శిల్పి ఒకాయన చేసిన కంచు బొమ్మ అది. ఆయన పేరు రాయను. రాస్తే మీరు ఫోన్లో వెతికి బొమ్మలు చూసుకుంటూ అటే పోతారు, మళ్లీ ఇటు రారు. ఆయన కథ మాత్రం తెలుసుకోండి. పెద్ద కళాశాలలో సీటు అడిగితే ఇవ్వలేదు. ఏళ్ల తరబడి ఇతరుల కార్ఖానాల్లో, ఇతరుల పేరు మీద, ఇళ్ల ముందరి అలంకారాలు చేసి పొట్ట పోసుకున్నాడు. చివరికి సొంతంగా ఒక నిలువెత్తు మనిషిని చేస్తే, అది మరీ ప్రాణమున్నట్టు ఉందని మెచ్చుకోవలసింది పోయి, ఇది చేసింది కాదు, బతికున్న మనిషి ఒంటి మీద అచ్చు పోశాడని నింద వేశారు. బాగా చేయడమే నేరమైపోయింది. తర్వాత పేరొచ్చింది. పేరొచ్చాక కూడా, చనిపోయిన ఒక గొప్ప రచయిత బొమ్మ చేయమని అడిగిన సంఘమే, తీరా చేశాక మాకొద్దు పొమ్మంది. ఆయన దాన్ని తీసుకెళ్లి తన ఇంట్లో పెట్టుకున్నాడు.

ఈ కథ విన్నప్పుడు మా క్లాసులో అందరం పారిస్ వాళ్లను తెగ తిట్టాం. ఇరవై ఏళ్ల వయసు మాది, ఏం తెలుసు? కమిటీ అనేది ఏ దేశంలోనైనా ఒకే ముద్దతో చేస్తారని తర్వాత వరంగల్ వచ్చి తెలుసుకున్నాను.

సారు ఆ ఫొటోలో మాకు ప్రత్యేకంగా చూపించేది ఇంకొకటి ఉండేది. కంచు మీద అక్కడక్కడా బొటనవేలి నొక్కులు. మట్టి మీద పని చేసినప్పుడు పడ్డ గుర్తులు ఆయన చెరపకుండా వదిలేశాడు, అవి అలాగే పోతలోకి వచ్చాయి. "అంతా నున్నగ చేస్తే ఏమైతది? సబ్బుబిళ్ల అయితది," అనేవాడు మా సారు. నా వృత్తి మొత్తానికి పనికొచ్చిన చదువు ఆ ఒక్క మాటే.

తలలు మార్చే కొట్టం

చదువు అయ్యాక కొన్నేళ్లు ఒక విగ్రహాల కొట్టంలో పని చేశాను. ఊరు, పేరు ఎందుకులే. ఆ కొట్టంలో అడుగు పెట్టగానే మొండేలు కనిపించేవి. చెయ్యెత్తి వేలు చూపించే మొండెం, నమస్కారం పెట్టే మొండెం, పుస్తకం పట్టుకున్న మొండెం. వచ్చినవాళ్లు మొండెం ఎంచుకుంటారు, మేము తల చేసి అతికిస్తాం. మా ఓనర్ తలల విషయంలో కూడా పెద్దగా కష్టపడనిచ్చేవాడు కాదు.

"ఇంత సేపా ముక్కు మీద? కండ్లద్దాలు మంచిగ పెట్టు చాలు. జనం మొకం జూడరు, అద్దాలు జూస్తరు," అనేవాడు.

ఒకసారి ఒక ఇంటివాళ్లు తమ తల్లి విగ్రహం చేయించుకున్నారు. ఆడమనిషి మొండెం సిద్ధంగా లేక, నమస్కారం పెట్టే మగమొండేనికే చీర చెక్కించాడు ఓనర్. తీసుకెళ్లడానికి వచ్చిన కూతురు ముఖం వైపు చూడనే లేదు, చేతుల దగ్గరే ఆగిపోయింది. "గివి మా అమ్మ చేతులు గావు," అన్నది. మా ఓనర్ ఏ మాత్రం తడుముకోకుండా, "గాజులేస్తం అమ్మా, సరిపోతది," అన్నాడు. గాజులు వేశాం. ఆమె తీసుకుపోయింది. ఆ వారమే నేను కొట్టం వదిలి వచ్చేశాను.

ఆయన మీద నాకు పెద్ద కోపం లేదు, నిజం చెబుతున్నాను. ప్లాస్టర్ అచ్చు తీయడంలో ఆయనంతటి పనిమంతుణ్ని నేను చూడలేదు. అడిగినవాళ్లకు అడిగింది ఇచ్చాడు. గాజులతో సరిపెట్టుకునే లోకం ఉన్నప్పుడు చేతులు చెక్కేవాడు ఎందుకు అరగదీసుకోవాలి? నా కోపమంతా ఆ లోకం మీదే. అది అన్నిచోట్ల కంటే ఎక్కువగా రాజమల్లు విగ్రహం దగ్గర నాకు కనిపించింది.

బరువు దించినవాడు

రాజమల్లు హమాలీ. నెక్కొండ దిక్కు పల్లెటూరు వాళ్లది. కుర్రతనంలోనే వరంగల్ వచ్చి ఒక మార్కెట్ యార్డులో బస్తాలు మోయడం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో రెండు బస్తాల సరుకు ఒక్క బస్తాలో తొక్కి కుట్టేవాళ్లు. ఒకరోజు రాజమల్లు లారీ ముందు బస్తా దించి, "గింత బరువు ఇగ మొయ్యం," అన్నాడు. వెనక ఉన్నవాళ్లూ దించారు. యార్డు ఆగిపోయింది. సోమరిపోతులన్నారు, పనిలోకి రానివ్వం అన్నారు, ఏవేవో కేసులు పెట్టారు. వాళ్లు దిగిరాలేదు. చివరికి బస్తా చిన్నదైంది. ఈనాడు ఆ యార్డులో కుర్రవాళ్లు రెండు భుజాలూ సమంగా పెట్టుకుని నడుస్తున్నారంటే ఆయన చలవే. ఆయనది మాత్రం ఎడమ భుజం దిగిపోయింది. అంతకుముందు మోసిన మోతలు ఊరికే పోవు కదా.

ఆయన పోయాక హమాలీలు విగ్రహం పెడదామన్నారు. యార్డులో స్థలం కావాలంటే వ్యాపారుల మద్దతు కావాలి, కాబట్టి కమిటీ ఏర్పడింది. అధ్యక్షుడు విశ్వనాథం, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి వ్యాపారి, వరుసకు నాకు బావ. రాజమల్లు బస్తా దించిన రోజున సోమరిపోతు అన్నవాళ్లలో మా బావ కూడా ఉన్నాడు. పోయినవాడికి దండ వేయడం సులువు. ఉన్నప్పుడు బస్తా బరువు తగ్గించడమే కష్టం.

నాకు ఇచ్చిన ఫొటో గుర్తింపు కార్డు కోసం తీసింది. స్టూడియో వాడు ముఖం తెల్లగా చేసి, భుజాలు సరిచేసి పెట్టాడు. ఇంట్లో ఇంకో ఫొటో లేదు. సమ్మయ్య అని హమాలీ సంఘం కార్యదర్శి, రాజమల్లు చేతి కింద పెరిగినవాడు, నన్ను రాజమల్లు భార్య దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె పేరు లచ్చవ్వ. అదే యార్డులో కింద రాలిన మిరపకాయలు ఊడ్చి కుప్ప చేసే పని ఆమెది.

"గీ ఫొటోల ఉన్నోడు ఎవలో నాకు ఎరుకలేదు తమ్మీ," అన్నది. "గిదొక్కటే ఉన్నదని దాసుకున్న. మా ఆయన గిట్ల ఉండకపోవు."

నాకు అప్పుడే తెలిసింది ఆమె ఏం అడుగుతున్నదో. చౌరస్తాకో, యార్డుకో కాదు, ఆమెకు ఆయన కావాలి. ఆయన రూపం భూమ్మీద ఇంకెక్కడా లేదు. నేను చేస్తే ఉంటుంది, లేకపోతే ఆ స్టూడియో వాడి తెల్లముఖమే ఆయనైపోతాడు.

లచ్చవ్వ చెయ్యి

మా పెరట్లోని షెడ్డులో బొమ్మ మొదలుపెట్టాను. కమిటీ పెద్ద విగ్రహం కావాలన్నది. నేను మనిషెత్తే చేస్తానని మొండికేశాను. సమ్మయ్యను, ఇంకొందరు పాతవాళ్లను కూర్చోబెట్టి అడిగి అడిగి ముఖం తెచ్చాను. వంటి మీద బనీను, మోకాళ్ల పైకి ఎగ్గట్టిన ధోవతి, మెడ చుట్టూ రుమాలు, చేతిలో బస్తా లాగే కొక్కెం. ఎడమ భుజం కిందికి.

మట్టి ఎండిపోకుండా తడి గోనెలు కప్పి ఉంచుతాం. లచ్చవ్వ వచ్చిన రోజు గోనెలు తీశాను. ఆమె ఏడవలేదు. కాసేపు ముందు నిలబడి చూసింది, తర్వాత చుట్టూ తిరిగి ఎడమ పక్కకు వచ్చింది.

"నూనె ఉన్నదా తమ్మీ?" అన్నది.

నాకు అర్థం కాలేదు. "ఎందుకక్కా?"

"పొద్దుమీకి ఇంటికి రాంగనే నూనె ఎచ్చజేసి గీ భుజం పిసుకుదును. నొప్పి గుంజుతాందా అని అడుగుదును. లేదనేటోడు. ఒక్కనాడు గూడ గుంజుతాందని అనలే. అబద్దం."

అంటూనే చెయ్యి పెట్టింది. నాలుగు వేళ్లు ముందు, బొటనవేలు వెనక. అలవాటున పెట్టినట్టే పెట్టి, గట్టిగా నొక్కింది. మట్టి లోపలికి దిగింది. వెంటనే చెయ్యి తీసి, ఏదో పాడు చేసినట్టు నా వైపు చూసి, "అయ్యో, ఖరాబు జేసిన్నా?" అన్నది.

"లేదక్కా. గదొక్కటే తక్కువుండె," అన్నాను.

నొక్కులు అలాగే ఉంచేశాను. పోతకు పంపేదాకా ఆ భుజం మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. మా సారు గోడ మీది ఫొటోను తలుచుకున్నాను. ఆ ఫ్రెంచాయన వదిలింది తన వేలి గుర్తులు, ఇవి ఆమెవి. ఇవే మేలని నాకిప్పటికీ అనిపిస్తుంది.

తరాజు

మట్టిబొమ్మ చూసి ఒప్పుకోవడానికి కమిటీ వచ్చింది. మా బావ, ఒక నాయకుడి అనుచరుడు, సమ్మయ్య. వచ్చీ రాగానే మా బావ రెండు అడుగులు వెనక్కి వేసి చూశాడు.

"ఏందిది బామ్మర్దీ? ఒక భుజం మీదికి, ఒకటి కిందికి. మొగ్గిన తరాజు లెక్క ఉన్నది."

"తరాజు ఎటు మొగ్గిందో నీకన్న ఎవలికి ఎరుక బావా?" అన్నాను.

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. తర్వాత వరుసగా మొదలైంది. చెయ్యి పైకి లేపాలి. కొక్కెం బదులు పుస్తకం పెట్టాలి. బనీను మీద ఒక కండువా అయినా వేయాలి. కాళ్లకు చెప్పులు ఉంటే బాగుంటుంది. చదువురాని మనిషి చేతిలో పుస్తకం ఎందుకని అడిగితే, "డిగ్నిటీ ఉంటుంది సార్," అన్నాడు అనుచరుడు. జీవితమంతా చెప్పుల్లేకుండా మోసినవాడికి, చెప్పులు కొనిచ్చే అవకాశం ఉన్నన్నాళ్లూ ఎవరూ కొనివ్వనివాడికి, పోయాక కంచు చెప్పులు! నేను మర్యాదగా జవాబు చెప్పానని అబద్ధం రాయను. షెడ్డు బయట గల్లీలో ఉన్నవాళ్లు కూడా తొంగి చూశారు.

"భుజాలన్న సమానం చెయ్యి. పబ్లిక్ ఏమనుకుంటరు?" అన్నాడు మా బావ.

అప్పటిదాకా ఊరుకున్న సమ్మయ్య, "యార్డుల పబ్లిక్ మేమే గదా సేటు. మేమేమనుకుంటలేం," అన్నాడు.

మా బావకు కోపం వచ్చింది గానీ తొందరలో ఉన్నాడు. పోతూ పోతూ భుజం దగ్గర వంగి, "గీ గుంతలేంది? మట్టి పలిగిందా?" అన్నాడు. పనిలో భాగమేనని ముక్తసరిగా చెప్పాను. ఆయనకు లచ్చవ్వ నూనె సంగతి చెప్పాలనిపించలేదు.

పిల్లలూ, ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోండి. కమిటీ ఊరుకుందంటే ఒప్పుకున్నట్టు కాదు. మీ చెయ్యి దాటాక బొమ్మ వాళ్లదవుతుంది, వాళ్ల సరదాలన్నీ అప్పుడు తీర్చుకుంటారు. ఆ ఫ్రెంచాయన తన బొమ్మను తీసుకెళ్లి ఇంట్లో పెట్టుకోగలిగాడు. నేను రాజమల్లును ఎక్కడ పెట్టుకోను? పెట్టుకున్నా ఆయన నావాడా?

ముసుగు

కంచు పోసిన చోటు నుంచి బొమ్మ నేరుగా యార్డుకు చేరింది. పీఠం మీద నిలిపే రోజు కబురు చేస్తామన్నారు. చేయలేదు. నేను వెళ్లేసరికి బిగించి, ఆపాదమస్తకం టార్పాలిన్ చుట్టి, తాళ్లు కట్టేశారు. పెద్ద నాయకుడి చేత ఆవిష్కరణ జరగాలి, ఆయన తేదీ దొరకలేదు. ఎన్నికలొచ్చాయి, కోడ్ అన్నారు. కోడ్ పోయింది, వానలన్నారు. తర్వాత మంచి రోజులు లేవన్నారు. బతికినన్నాళ్లూ ఎండలో మోసిన మనిషిని ఎండ తగలకుండా మూట కట్టి పెట్టారు.

ఆ మూట చుట్టూనే లచ్చవ్వ రోజూ మిరపకాయలు ఊడ్చేది. ఒకసారి నన్ను చూసి చీపురు ఆపింది.

"మొకానికి గుడ్డ గట్టి నిలవెట్టిండ్రు తమ్మీ, పట్టుకొచ్చిన దొంగను నిలవెట్టినట్టు. ఆయనేం తప్పు జేసిండు?"

మా బావను అడిగాను. "జర ఓపిక పట్టు. అంత పెద్ద మనిషి చేత ఓపెనింగ్ అయితే మనకే ఇజ్జత్," అన్నాడు. ఎవరి ఇజ్జత్ అని అడిగితే ఫోన్ వచ్చినట్టు పక్కకు పోయాడు. లచ్చవ్వ తన భర్తను చూడటానికి ఇంకొకరి తీరిక కోసం చూడాలి. ఇంతకంటే సిగ్గుమాలిన ఆచారం మన మధ్య ఉందా? విగ్రహం చేయించిన ప్రతి ఊళ్లో ఇదే చూశాను, ఎక్కడా ఎవరికీ తప్పుగా తోచలేదు.

రసమట్టం

చివరికి ఆవిష్కరణ రోజు వచ్చింది. బ్యాండు, మైకులు, దండలు. లచ్చవ్వను వేదిక కింద కుర్చీ వేసి కూర్చోబెట్టారు, కొత్త చీర కట్టుకుని వచ్చింది. నాయకుడు తాడు లాగాడు. టార్పాలిన్ జారింది.

నా కళ్లు తిరిగాయనుకున్నాను. కంచు కనిపించలేదు, పెళ్లి మండపం స్తంభానికి వేసే బంగారు రంగు మెరుస్తున్నది. అది ఒక ఎత్తు. మనిషి మొత్తం కుడి పక్కకు వాలి ఉన్నాడు, ఇప్పుడో ఇంకాసేపటికో పడిపోయేట్టు. చప్పట్లు మోగుతున్నాయి. నేను పీఠం వెనక్కి పరుగెత్తి చూశాను. బొమ్మ పాదాల కింది పలకకు ఎడమ వైపున ఇనుప బిళ్లలు దూర్చి ఎత్తు చేశారు.

మా బావ సంతోషంగానే చెప్పాడు. "నువ్వు పంపిన బొమ్మ వంకరుండె బామ్మర్దీ. మేస్త్రీ రసమట్టం రెండు భుజాల మీద పెట్టి చూసిండు. బుడగ నడుమకు వస్తలేదు. కింద బిళ్లలు పెడితే వచ్చింది. ఇప్పుడు రెండు భుజాలు ఒక్క లైన్‌ల ఉన్నయి."

గోడకు పెట్టే రసమట్టం మనిషి భుజాల మీద పెట్టారు! భుజాలు సమానం చేయడానికి మనిషినే ఒరగదోశారు. నడుము ఎటు పోతున్నది, తల ఎటు వాలింది, కాళ్లు ఎలా ఉన్నాయి, ఏదీ చూడలేదు. గాలిబుడగ మధ్యలో ఆగింది, వాళ్ల మనసు నిమ్మళించింది. ఆ రోజు నేను మైకు ముందుకు వెళ్లకుండా సమ్మయ్య నన్ను రెక్క పట్టుకుని ఆపాడు. లచ్చవ్వ ముందు గొడవ వద్దన్నాడు. ఆమె దండ వేయడానికి లేచి, దగ్గరికి వచ్చి, తల ఎత్తి చూసి, దండ పీఠం మీదే పెట్టి వెనక్కి తిరిగింది.

ఇంత వరకైతే బాధతో సరిపోయేది. కొన్నాళ్లకు యార్డుకు వచ్చే లారీ డ్రైవర్లు ఆ గేటుకు ఒక గుర్తు పెట్టుకున్నారు: "తాగినోని బొమ్మ." ఆటోవాళ్లు అందుకున్నారు. "తాగినోని బొమ్మ కాడ దిగుతరా?" అని అడిగితే ఎవరికీ వింతగా ఉండేది కాదు.

లచ్చవ్వ మా ఇంటికి వచ్చింది. గడపలోనే కూర్చున్నది.

"కల్లు గూడ ముట్టని మనిషి తమ్మీ. బోనాలనాడు సుత ముట్టకపోవు. తాగినోడని అంటాండ్రు. పిల్లగాండ్లు సుత నవ్వుతాండ్రు. నేను ఇప్పుడు ఆ గేటు కాడికెల్లి పోతలేను, ఎనక గేటు కాడికెల్లి పోతాన."

ఆమెకు ఆయన రూపం తిరిగి ఇద్దామనుకున్నాను. ఉన్న పరువు కూడా పోయింది.

ఆ రోజు నుంచి ఎందరి దగ్గరికి తిరిగానో. బిళ్లలు తీయండి, అంతే, అరపూట పని అన్నాను. "లీడర్ ఓపెన్ చేసిన బొమ్మను కదిలిస్తే ఆయన్ను అవమానించినట్టు అయితది," అన్నాడు మా బావ. ఒక ఆఫీసులో ఇంజనీర్ల అనుమతి కావాలన్నారు, ఇంజనీర్లేమో విగ్రహాలు మా పరిధి కాదన్నారు. శిలాఫలకం మీద తాడు లాగినవాడి పేరు, పక్కన నిలబడ్డవాళ్ల పేర్లు, కుర్చీలు వేయించినవాడి పేరు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. బొమ్మ సరిచేయమని అడిగితే ఆ పేర్లలో ఒక్కటీ ముందుకు రాలేదు. వర్ధంతి వచ్చిందంటే మాత్రం అందరూ దిగేవాళ్లు, పాత బంగారు రంగు మీద కొత్త బంగారు రంగు వేయించేవాళ్లు. ఏటేటా ముఖం మీది గీతలు పూడుకుపోయాయి. లచ్చవ్వ వేళ్ల గుంతలు పూడుకుపోయాయి. మా సారు చెప్పిన సబ్బుబిళ్ల తయారైంది.

సెలవు రోజు

నేను పని మానేసి, షెడ్డును మా కిరాణ దుకాణం సరుకు పెట్టుకోవడానికి ఇచ్చేశాక, ఈ ఏడు వర్ధంతికి కొద్ది రోజుల ముందు సమ్మయ్య ఫోన్ చేశాడు.

"సారూ, ఆదివారం యార్డు బంద్ ఉంటది. జర వస్తరా?"

"ఎందుకు?"

"ఇన్నేండ్లు వాళ్లను వీళ్లను అడుక్కున్నం. బరువు లేపుడు మాకు కొత్తనా సారు?"

పొద్దున్నే వెళ్లాను. హమాలీలు వచ్చి ఉన్నారు. లచ్చవ్వను కూడా తీసుకొచ్చారు, కాస్త దూరంగా యార్డు షెడ్డు నీడలో కూర్చున్నది. బోల్టులు ఎక్కడున్నాయో, ఏ పక్క పట్టుకుంటే బొమ్మకు దెబ్బ తగలదో చెప్పాను. అంతకుమించి నేను చేసిందేమీ లేదు. బోల్టులు వదులు చేశారు, నడుముకు గోనెలు చుట్టి తాళ్లు వేశారు, గడ్డపారలు పెట్టి ఒక్కసారే ఎత్తారు. సమ్మయ్య చెయ్యి పెట్టి తుప్పు పట్టిన బిళ్లలు లాగాడు. మెల్లగా దించారు. రాజమల్లు నిటారుగా నిలబడ్డాడు, ఎడమ భుజం కిందికి దింపుకుని.

సమ్మయ్య ఆ ఇనుప బిళ్లలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇగో సారు. మా పెద్దాయన తాగింది గింతే."

తర్వాత రంగు కరిగించే మందు పూసి, బ్రష్షులతో గీకడం మొదలుపెట్టాం. పొరలు పొరలుగా ఊడింది. కింద కంచు నల్లగా బయటికి వస్తున్నది. అప్పుడే మా బావ బండి దిగాడు, వెనక పెయింటర్, అతని చేతిలో బంగారు రంగు డబ్బా. వర్ధంతి ఏర్పాట్లకు వచ్చారు.

"ఏయ్, ఏం జేస్తాండ్రు? ఎవల్నడిగి ముట్టిండ్రు?"

"బరువు మాది, భుజం మాది. ఎవల్నడగాలె సేటు?" అన్నాడు సమ్మయ్య, బ్రష్షు ఆపకుండానే.

మా బావ నా వైపు తిరిగాడు. "నువ్వన్న చెప్పొద్దా బామ్మర్దీ? రేపు అందరు నన్నంటరు."

"ఇన్నేండ్లు ఆయన్ను తాగినోడన్నరు బావా. నిన్ను నాలుగు రోజులంటే ఏం పోతది?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవన్నీ రాస్తే మా ఇంట్లోవాళ్లు ఈ పుస్తకం అచ్చు వేయనివ్వరు.

ఆయన బొమ్మ వైపు చూశాడు. భుజం మీది రంగు అప్పుడే ఊడింది. "గా గుంతలు మట్టి పలిగి వచ్చినయే గదా? అప్పుడే అన్న," అన్నాడు, గొంతు తగ్గించి.

అప్పుడు చెప్పాను, అవి ఎవరి వేళ్లో. నూనె సంగతి చెప్పాను. మా బావ షెడ్డు నీడలో ఉన్న లచ్చవ్వ వైపు చూశాడు. ఎన్నో ఏళ్లు ఆమె ఆయన అడ్తి దుకాణం ముందరే ఊడ్చింది. ఆమెను ఆయన సరిగ్గా చూడటం అదే మొదటిసారేమో, నాకు తెలియదు. చూసినంత మాత్రాన ఆయన్ను క్షమించాలని కూడా నాకు లేదు.

పీఠం లచ్చవ్వ ఛాతీ ఎత్తు ఉంటుంది. ఆమెకు భుజం అందదు. హమాలీలు ఎవరూ చెప్పకుండానే బస్తాలు తెచ్చారు. లారీ ఎక్కడానికి బస్తాల మీద బస్తాలు పేర్చి మెట్లు కడతారు చూడండి, అలా ఎడమ పక్కన మెట్లు కట్టారు. ఒక్కో బస్తా ఒక్కరే తెచ్చారు. చిన్న బస్తాలు.

లచ్చవ్వ ఎక్కుతుంటే కింది బస్తా కాస్త కదిలింది. మా బావ తెల్ల ప్యాంటుతోనే మోకాళ్ల మీద వంగి, రెండు చేతులతో దాన్ని ఒత్తి పట్టుకున్నాడు. "జర పైలం అక్కా," అన్నాడు.

ఆమె పైకి చేరి, కొంగుతో భుజం మీది రంగు ముక్కలు తుడిచింది. నాలుగు వేళ్లు ముందు పెట్టింది, బొటనవేలు వెనక. ముసలితనానికి వేళ్లు సన్నబడ్డాయి, గుంతల్లో వదులుగానే కూర్చున్నాయి. మెల్లగా నొక్కుతూ అడిగింది.

"గుంజుతాందా?"

ఆయన ముఖం వైపు చూసింది. తర్వాత కిందికి, మా వైపు తిరిగింది.

"లేదంటాండు," అన్నది. "ఎప్పటి అబద్దమే."